పొద్దున పంపితే పోదు, మాపటికి పంపితే పోతుంది

మిర్యాలగూడ ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చేసరికి ఉదయం పది దాటింది. అరవై మంది పిల్లలు పరీక్ష కోసం కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు. పరీక్ష పాలసీ ఒక్క మెషీన్‌లోకీ ఎక్కలేదు. ల్యాబ్ అటెండర్ అన్న గొంతులో కంగారు వినిపిస్తోంది. "మేడం, అన్నిట్ల ఒక్కటే వస్తున్నది. పాలసీ పాతది అంటున్నది. మీరు గిప్పుడే పంపిండ్రు గద, పాతదెట్లయితది?"

నేను పాలసీ పంపింది 9:40కి. అప్పటికి అరగంట కూడా కాలేదు.

నేను నల్గొండలో ఇంటి నుంచే పని చేస్తాను. నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండలో ల్యాబులున్న ఒక కాలేజీ వాళ్ల కంప్యూటర్లు మూడేళ్లుగా చూస్తున్నాను. మూడు ఊళ్లలో కలిపి దాదాపు నూట ఇరవై. చాలావరకు పాతవే, ఉబుంటు అనే లినక్స్ వేసి నడిపిస్తున్నవి. వాటన్నిటికీ నియమాలు ఒక్కచోటి నుంచే వెళ్లాలి: పెన్‌డ్రైవ్ పని చేయాలా వద్దా, ఏ సైట్లు తెరుచుకోవాలి, పరీక్ష రోజు ఏం మూసెయ్యాలి. ఈ నియమాల మూటనే పాలసీ అంటాం. సర్వర్ దాన్ని తయారు చేసి డిజిటల్ సంతకం పెడుతుంది. ప్రతి కంప్యూటర్‌లో నేను రాసిన చిన్న ఏజెంట్ ప్రోగ్రాం దాన్ని దించుకుని, సంతకం సరిచూసి అమలు చేస్తుంది.

మొదట్లో సంతకం ఒక్కటీ చాలనుకున్నాను. మొదటి ఏడాది పరీక్షల్లో ఒక అబ్బాయి నెల కిందటి పాలసీ ఫైలు పెన్‌డ్రైవ్‌లో దాచుకుని, లైవ్ యూఎస్‌బీతో, అంటే పెన్‌డ్రైవ్‌లోని వేరే సిస్టమ్‌తో, బూట్ చేసి దాన్ని తిరిగి పాత చోట పెట్టాడు. ఇంటర్నెట్ తెరుచుకుంది. ఆ ఫైలు దొంగది కాదు, నా సర్వర్ ఇచ్చిందే, సంతకం కూడా అసలుదే. అందుకే ఏజెంట్ మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. సంతకం ఎవరు ఇచ్చారో చెబుతుంది కానీ ఎప్పుడు ఇచ్చారో చెప్పదు. కంప్యూటర్ లేవగానే మొదట నడిచే బయాస్‌కు పాస్‌వర్డ్ పెట్టించాను, యూఎస్‌బీ బూట్ తీసేయించాను. దాంతో పాటే సంతకం కిందికి వచ్చేలా పాలసీ లోపల టైమ్‌స్టాంప్ పెట్టాను. అసలు కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

టైమ్‌స్టాంప్ అంటే ఒక అంకె. 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి, యుటిసి (ప్రపంచమంతటికీ ఉమ్మడి టైము, మనకంటే ఐదున్నర గంటలు వెనక) లెక్కన, ఎన్ని సెకన్లు గడిచాయన్నది. ఉదాహరణకు 1700000000 అంటే మన గడియారంలో 2023 నవంబర్ 15 తెల్లవారుజామున 3:43. ఇంత మామూలు అంకెను సరిచూడటానికి ఏముందనుకున్నాను. పాలసీ టైమ్‌స్టాంప్‌కూ మెషీన్ గడియారానికీ రెండు గంటలకు మించి తేడా ఉంటే తిప్పికొట్టమని రాసేశాను. ముందు ఉన్నా, వెనక ఉన్నా.

ఆ ఎండాకాలం సెలవుల తర్వాత జూన్‌లో దేవరకొండ ల్యాబ్ తెరిచారు. ముప్పై కంప్యూటర్లలో పద్దెనిమిదింటికి పాలసీ ఎక్కలేదు. పొద్దున్నే ఆర్టీసీ బస్సెక్కి వెళ్లాను. ఒక మెషీన్ 2009 అంటుంది, ఇంకోటి 2012 అంటుంది. పదకొండింటిలో లోపలి బ్యాటరీలు చచ్చిపోయాయి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 సెల్. కంప్యూటర్ ఆపేసినా ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు గడియారం ఆ కరెంటు మీదే నడుస్తుంది, సెల్ ఖర్చు కాదు. మన దగ్గర ల్యాబ్ మూసేటప్పుడు మెయిన్ ఆపేస్తారు, అది మంచి అలవాటే. కానీ రోజూ రాత్రంతా, ఎండాకాలం రెండు నెలలూ గడియారం ఆ సెల్ మీదే బతకాలి. పాత సెల్‌కు అంత ఓపిక ఎక్కడిది!

2009లో ఉన్నాననుకునే మెషీన్‌కు నా పాలసీ ఎన్నో ఏళ్ల తర్వాతి కాలం నుంచి వచ్చినట్టు. తిప్పికొట్టింది. లాగ్‌లు (ప్రోగ్రాం రాసిపెట్టే రికార్డులు) తీరిగ్గా చదివితే ఇంకా పెద్ద సంగతి బయటపడింది. చాలా మెషీన్లు పాలసీ దాకా రానేలేదు. ఇది అసలు సర్వరే అని చూపించే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌కు మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. 2009లో ఉన్న మెషీన్‌కు ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకని కనెక్షనే వద్దంది. టైము సరిచేసుకోవడానికి వెళ్దామంటే నెట్ నుంచి టైము తెచ్చే ఎన్‌టీపీ పద్ధతి వాడే యూడీపీ 123 పోర్టు కాలేజీ ఫైర్‌వాల్‌లో మూసి ఉంది. దారులన్నీ మూసుకుపోయాయన్నమాట.

అదే ల్యాబ్‌లో ఇంకో ఏడు మెషీన్ల గడియారాలు సరిగ్గా ఐదున్నర గంటలు ముందున్నాయి. అవి విండోస్, లినక్స్ రెండూ ఉన్నవి. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో మన టైము రాస్తుంది. లినక్స్ దాన్ని యుటిసి అనుకుని, మనది భారతదేశం కదా అని మళ్లీ ఐదున్నర కలుపుతుంది. పొద్దున పదికి బూట్ చేస్తే మధ్యాహ్నం మూడున్నర చూపిస్తుంది. వాటికి నా తాజా పాలసీ ఐదున్నర గంటలు పాతది. అవీ తిప్పికొట్టాయి.

సాయంత్రం నల్గొండ చేరాక క్లాక్ టవర్ దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో ఇరవై సెల్స్ తీసుకుని ఇంటికెళ్లాను. కానీ సెల్స్ మార్చడంతో ఇది తీరదని అర్థమైంది. వచ్చే ఏడాది ఇంకో పదకొండు చస్తాయి. తప్పు సెల్‌ది కాదు, నా నియమానిది. ఏ మెషీన్‌ను అదుపు చేయడానికి పాలసీ పంపుతున్నానో, ఆ మెషీన్ గడియారాన్నే సాక్షిగా పెట్టుకున్నాను.

ఇదే పని పెద్దవాళ్లు ఎలా చేశారో చూద్దామని గూగుల్ క్రోమ్‌కు మూలమైన క్రోమియం కోడ్ తెరిచాను. క్రోమ్‌బుక్‌లకు పాలసీ పంపే పద్ధతి అందులో బాహాటంగా ఉంది. అక్కడ టైమ్‌స్టాంప్ మిల్లీసెకన్లలో ఉంటుంది. కొత్త పాలసీ మీది టైమ్‌స్టాంప్‌ను, ఇదివరకు ఒప్పుకుని దాచుకున్న పాలసీ టైమ్‌స్టాంప్‌తో పోల్చి, దానికంటే పాతదైతే తిప్పికొడుతుంది. ఆ భాగం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. రెండు అంకెలూ సర్వర్ ఇచ్చినవే! సర్వర్ కాలాన్ని సర్వర్ కాలంతోనే పోలుస్తోంది. ఈ పోలికకు మెషీన్ గడియారంతో పనే లేదు. అది 2009లో ఉన్నా, ఐదున్నర గంటలు ముందున్నా, పోయిన నెల పాలసీ ఈ నెల పాలసీకంటే పాతదే. పెన్‌డ్రైవ్ అబ్బాయిని ఆపడానికి కావలసింది ఇదే.

ఇంకో చిన్న విషయం కూడా అక్కడే నేర్చుకున్నాను. రెండు టైమ్‌స్టాంపులూ సమానమైతే ఒప్పుకోవాలి. మెషీన్ గంట గంటకూ అదే పాలసీని మళ్లీ దించుకుంటుంది కాబట్టి, సమానమైనదాన్ని కూడా తిప్పికొడితే లాగ్ అంతా ఉత్త పుణ్యానికి ఎర్రర్లే.

రెండు గంటల నియమం తీసేశాను. ఒక్క కింది హద్దు ఉంచాను: దాచుకున్న టైమ్‌స్టాంప్ కంటే తక్కువైతే వద్దు. అసలు ఏమీ దాచుకోని కొత్త మెషీన్‌కు, ఏజెంట్ ప్యాకేజీ తయారైన తేదీయే కింది హద్దు. ఇది నా సొంత ఆలోచన కాదు. లినక్స్‌ను లేపే సిస్టమ్‌డీ ప్రోగ్రాం కొత్త వెర్షన్ కూడా బూట్ అయ్యేటప్పుడు గడియారం తాను తయారైన తేదీకంటే వెనక ఉంటే ముందుకు జరుపుతుంది. నెట్‌వర్క్ వాళ్లను బతిమాలి 123 పోర్టు ల్యాబ్ సర్వర్ ఒక్కదానికి తెరిపించాను. ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ టైమ్ సర్వర్ల నుంచి అది టైము తెచ్చుకుని, క్రోనీ అనే ప్రోగ్రాం ద్వారా మిగతా మెషీన్లకు పంచుతుంది.

ఇవన్నీ అయ్యాక ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఖర్చు తగ్గిద్దామని పాలసీ సర్వర్‌ను క్లౌడ్ (నెట్‌లో అద్దెకు తీసుకున్న మెషీన్) నుంచి నల్గొండ కాలేజీలోని ఒక సొంత మెషీన్‌కు మార్చాం. నల్గొండలో కరెంటు పోతే వాడుకోవడానికి క్లౌడ్‌ది అలాగే ఉంచాం. మార్చిన రోజే మధ్యాహ్నం పంపిన పాలసీలు ఆగిపోయాయి. సాయంత్రం పంపినది వెళ్లింది. మరుసటి రోజు నుంచి అన్నీ మామూలే. మార్చేటప్పుడు ఏదో తేడా వచ్చి ఉంటుందిలే అని వదిలేశాను. వదిలేయకుండా ఉండాల్సింది.

మళ్లీ పరీక్ష రోజుకు వస్తాను. ఫోన్‌లో నేను మొదట అడిగిన మాట, "అన్నా, ఆ మెషీన్లల్ల విండోస్ కూడా ఉన్నదా?" అని. దేవరకొండ ఐదున్నర గంటలు నా బుర్రలోంచి పోలేదు మరి. "మన దగ్గర విండోస్ ఏడున్నది మేడం" అన్నాడు. సర్వర్ తెరిచి చూశాను. పాలసీ టైమ్ 4:10 అని ఉంది. మనకు 9:40 అంటే యుటిసిలో 4:10యే, కాబట్టి అంతా సరిగ్గా ఉందనే అనుకున్నాను. పరీక్ష మధ్యాహ్నానికి వాయిదా వేశారు. ఒంటిగంటకు మళ్లీ పంపాను, పోలేదు. ఏమీ మార్చకుండా రెండింటికి పంపాను. పోయింది. పిల్లలు పరీక్ష రాశారు. దూరం ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు చివరి బస్సు అందుతుందో లేదోనని టెన్షన్ పడుతూ రాశారని తర్వాత తెలిసింది. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

ఆ వారంలోనే ఇంకోసారి అదే జరిగింది. అప్పుడు అటెండర్ అన్నే నాకు దారి చూపించాడు. "మేడం, పొద్దుగాల పంపితే పోతలేదు, మాపటికి పంపితే పోతున్నది. గది గూడ అన్ని దినాలు కాదు. మీ నల్గొండల కరెంటు పోయిన దినమే. నేను రిజిస్టర్ల అన్ని రాసిపెట్టిన, చూడుండ్రి" అని పేజీ ఫొటో తీసి పంపాడు. ఏ పాలసీ ఎన్నింటికి వచ్చింది, ఎక్కిందా ఆగిందా, గోడ గడియారం చూసి నీలం పెన్నుతో రాసి ఉంది. నా లాగ్‌లో 'పాలసీ పాతది' అన్న ఒక్క మాటే ఉంది. దేనికంటే పాతది, ఎంత పాతది అన్నది నేను రాయించనే లేదు. ఆయన రిజిస్టరే నా ప్రోగ్రాం కంటే మేలు.

ఆ ఆదివారం అమ్మను తీసుకుని పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాను. లింగం మీద పడే నీడ పొద్దంతా కదలకుండా ఉంటుందని పేరున్న గుడి. అది ఒకే స్తంభం నీడ అని చిన్నప్పటి నుంచీ అనుకునేదాన్ని. వెలుతురు రెండు పక్కల నుంచి వస్తుందని, ముందున్న స్తంభాల నీడలు కలిసి ఒకే నీడలా పడతాయని అక్కడ ఒకాయన ఎవరికో వివరిస్తున్నాడు. నాకు రిజిస్టర్ గుర్తొచ్చింది. ఐదున్నర గంటల తేడా కనిపించగానే నేను దాన్ని విండోస్ నీడే అనుకున్నాను. వేరే స్తంభం ఉండొచ్చు కదా!

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. సర్వర్ మార్చిన రోజు క్లౌడ్ నుంచి చివరి పాలసీ 10:30కి. నల్గొండ మెషీన్ నుంచి 12:15కు, 2:30కు పంపినవి ఆగాయి, 4:10కి పంపినది పోయింది. పరీక్ష రోజు క్లౌడ్ నుంచి చివరిది ఉదయం 8:00కు. 9:40వి, ఒంటిగంటవి ఆగాయి, రెండింటిది పోయింది. మూడోసారి క్లౌడ్‌ది 11:15కు. మూడింటికి, నాలుగున్నరకు ఆగాయి, 5:10కి పోయింది. క్లౌడ్ టైముకు ఐదున్నర కలిపి చూడండి: 4:00, 1:30, 4:45. ప్రతిసారీ ఆ గీత దాటాకే పాలసీ ఎక్కింది. అంటే నల్గొండ సర్వర్ తన పాలసీలన్నిటికీ ఐదున్నర గంటలు తక్కువ టైమ్‌స్టాంప్ ఇస్తోంది.

ఆ మెషీన్ గడియారం మాత్రం సరిగ్గా ఉంది. తప్పు నేను రాసిన ఒక్క లైనులో ఉంది. పైథాన్ భాషలో 'యుటిసినౌ' అని అడిగితే యుటిసి టైము ఇస్తుంది, కానీ అది యుటిసి అని దాని మీద ఎక్కడా గుర్తు ఉండదు. గుర్తు లేని ఆ టైమును టైమ్‌స్టాంప్‌గా మార్చమంటే, ఇది ఇక్కడి టైమే కాబోలు అనుకుని పైథాన్ ఇంకో ఐదున్నర గంటలు తీసేస్తుంది. క్లౌడ్ మెషీన్ టైమ్‌జోన్ యుటిసియే కాబట్టి అక్కడ తీసేది సున్నా. తప్పు అక్కడే పుట్టింది కానీ బయటపడలేదు. నల్గొండకు రాగానే పందొమ్మిది వేల ఎనిమిది వందల సెకన్లయింది. సర్వర్ తెర మీద నేను చూసిన 4:10 యుటిసి కాదు. తప్పు అంకెను మళ్లీ మన టైములోకి మారిస్తే వచ్చిన 4:10. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, అక్కడే మోసపోయాను. ఈ యుటిసినౌను పైథాన్ 3.12 నుంచి ఇక వాడొద్దని చెబుతున్నారు. ఇలా నష్టపోయినవాళ్లు నాలాగా చాలామందే ఉండి ఉంటారు.

టైమ్‌జోన్ చెప్పి మరీ టైము అడిగేలా ఆ లైను మార్చాను. మార్చాక టైమ్‌స్టాంపులు ఒక్కసారిగా ఐదున్నర గంటలు ముందుకు దూకాయి. ముందుకు దూకితే కింది హద్దుకు ఏ అడ్డూ లేదు, అన్ని మెషీన్లూ ఒప్పుకున్నాయి.

అయితే ముందుకు దూకడం అంత తేలికగా వదిలేసే విషయం కాదని ఇంకో వారానికి తెలిసొచ్చింది. టెస్టింగ్ కోసం ఇంట్లో ఉన్న మెషీన్‌కు పొరపాటున సెకన్ల చోట మిల్లీసెకన్ల అంకె ఇచ్చాను. పది అంకెలు ఉండాల్సిన చోట పదమూడు. ఆ లెక్కన అది యాభై వేల పైచిలుకు సంవత్సరం. ఏజెంట్ మెషీన్ గడియారం చూడదు కాబట్టి ఒప్పుకుని, అదే కొత్త కింది హద్దుగా దాచుకుంది. ఆ తర్వాత ఏ పాలసీ పంపినా పాతదే! నూట ఇరవై మెషీన్లకు అలా వెళ్లి ఉంటే ఒక్కోదాని దగ్గరికీ వెళ్లి చేత్తో బాగు చేయాల్సి వచ్చేది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పై హద్దు కూడా కావాలి. కానీ అది ఉండాల్సింది ల్యాబ్ మెషీన్‌లో కాదు, సంతకం పెట్టే చోట. ఇప్పుడు సర్వర్ సంతకం పెట్టే ముందు తన గడియారం ఎన్‌టీపీతో కలిసి ఉందా అని చూస్తుంది. టైమ్‌స్టాంప్ దానికంటే ఐదు నిమిషాలు ముందుంటే సంతకం పెట్టదు. ఇదివరకు తానో, క్లౌడ్ సర్వరో ఇచ్చిన చివరి టైమ్‌స్టాంప్ కంటే తక్కువైనా పెట్టదు, నాకు మెసేజ్ పంపుతుంది. ఆ రోజు ఈ కాపలా ఉండి ఉంటే 9:40కే నాకు తెలిసేది, పిల్లలకు తెలిసేది కాదు.

ఏజెంట్‌లో వరుస కూడా మార్చాను. ముందు సంతకం, అది నిలిస్తేనే టైమ్‌స్టాంప్. సంతకం తేలని ఫైలులోని అంకెను చదవడం కూడా అనవసరం. టైమ్‌స్టాంప్ అసలు లేకపోతే సున్నా అనుకుని 'పాతది' అనకుండా 'లేదు' అనే చెబుతుంది. తిప్పికొట్టిన ప్రతిసారీ రెండు అంకెలనూ, వాటి మధ్య తేడానూ లాగ్‌లో రాస్తుంది. దాచుకునే ఫైలును ముందు పక్క పేరుతో పూర్తిగా డిస్కు మీదికి రాసి, తర్వాతే అసలు పేరుకు మారుస్తుంది. రాస్తుండగా కరెంటు పోయి ఫైలు ఖాళీ అయిన సందర్భం ఒకటి మిర్యాలగూడలోనే చూశాను.

టెస్టులకు గడియారాన్ని ప్రోగ్రాం బయటి నుంచి అందించేలా మార్చాను. ఇప్పుడు 1970, 2009, ఐదున్నర ముందు, ఐదున్నర వెనక, అన్నీ ల్యాప్‌టాప్ మీదే నిమిషంలో తిరిగిపోతాయి. 2038 జనవరి 19 కూడా చేర్చాను. మన టైములో ఆ ఉదయం 8:44 దాటగానే 32 బిట్ల సెకన్ల లెక్క నిండిపోతుంది. దేవరకొండలో రెండు 32 బిట్ మెషీన్లు ఇంకా బతికే ఉన్నాయి. అప్పటిదాకా ఉంటాయని కాదు కానీ, బ్యాటరీ పోయిన మెషీన్ ఏ తేదీతో లేస్తుందో ఎవరు చెప్పగలరు?

ఈ జూన్‌లో దేవరకొండ వెళ్లినప్పుడు మిర్యాలగూడ అన్న కూడా వచ్చాడు. ఒక మెషీన్ మూత తీసి కావాలనే సెల్ పీకేశాం, నెట్‌వర్క్ వైరు పెట్టకుండా ఆన్ చేశాం. ఏళ్ల కిందటి తేదీతో లేచింది. పెన్‌డ్రైవ్‌లో రెండు పాలసీలు పట్టుకెళ్లాను, పోయిన నెలది, ఆ రోజుది. ఆ రోజుది ఇస్తే ఒప్పుకుంది. తర్వాత పోయిన నెలది ఇచ్చాను. వద్దంది, ఎన్ని రోజులు పాతదో లెక్క కూడా చెప్పింది. అన్న తెర దగ్గరికి వంగి ఆ లైను రెండుసార్లు చదివాడు. "తారీఖు తప్పుంది గద మేడం, మరి ఎట్ల సమజైంది దీనికి?" అన్నాడు. పక్కన కుర్చీ వేసుకుని, ఆయన రిజిస్టర్ వెనక పేజీలోనే రెండు అంకెలు రాసి చూపించాను.

ఆ మెషీన్‌కు కొత్త సెల్ వేసి, మిగిలిన నాలుగింటినీ ల్యాబ్ సొరుగులో పెట్టాం. ఏ మెషీన్‌కు ఏ రోజు సెల్ మార్చామో ఒక కాగితం మీద రాసి అన్న సొరుగు లోపల అంటించాడు.